కన్నం చుట్టూ తోట: జనవరి ప్రదర్శనకు సలహాలు కావాలి

నీడపట్టు
అక్టోబర్ 9

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో చిన్న చిన్న ల్యాండ్‌స్కేప్ పనులు చేస్తుంటాను. ఎక్కువగా టెర్రస్‌లు, విల్లాల ముందు లాన్‌లు. జనవరి చివర్లో ఇక్కడ జరిగే ఒక ఉద్యాన ప్రదర్శనలో నాకు 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు స్థలం ఇచ్చారు. పొడుగు భుజం ఉత్తరం వైపు, జనం నడిచే దారి మీదకి ఉంటుంది. తూర్పు పక్క కూడా తెరిచే ఉంటుంది. దక్షిణం, పడమర టెంటు గుడ్డ. పడమటి పక్క స్టాల్ వర్మీకంపోస్టు వాళ్లది, వాసన సంగతి దేవుడికే తెలియాలి. బడ్జెట్ మూడు లక్షలు, అందులో లక్ష నా సొంతం.

ఇంగ్లండ్ శిల్పి బార్బరా హెప్‌వర్త్ శిల్పాలంటే నాకు కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. నున్నగా గుండ్రంగా ఉండి మధ్యలో కన్నం ఉంటుంది చూడండి, అవి. ఆ స్ఫూర్తితో తోట చేద్దామని. స్కెచ్ పెట్టాను: సరిగ్గా మధ్యలో కంచు రంగు వేసిన ఫైబర్ బొమ్మ, చుట్టూ గుండ్రంగా లాన్, దాని చుట్టూ మూడు వరుసల్లో పూల మడులు. బొమ్మ కింద రెండడుగుల దిమ్మ. మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకా టైముంది.

ఉత్తుత్తి_సందేహం
అక్టోబర్ 9

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. దిమ్మ మీద గుడ్డు, గుడ్డు చుట్టూ బంతిపూలు. మా ఊరి బైపాస్ సర్కిల్‌లో ఇదే ఉంది, కాకపోతే అక్కడ గుడ్డు బదులు కలశం.

కడియం_నారు
అక్టోబర్ 9

పాపం అలా అనేస్తే ఎలాగండి. ఆవిడ అడిగింది సలహా కదండీ.

థేమ్స్_గట్టు
అక్టోబర్ 10

నీడపట్టు గారూ, నేను పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్‌కి రెండుసార్లు వెళ్లాను. పైన ఆయన ఎగతాళిగా అన్నా అందులో విషయం ఉంది. ముందు బొమ్మని మధ్యలోంచి జరపండి, తర్వాత దిమ్మ తీసేయండి.

హెప్‌వర్త్ 1949లో ట్రెవిన్ స్టూడియో కొనుక్కుని, 1975లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. మరుసటి ఏడు దాన్ని మ్యూజియం చేశారు, 1980 నుంచి టేట్ ఆర్ట్ గ్యాలరీ వాళ్లు చూసుకుంటున్నారు. తోట ఆవిడే ఒక స్వరకర్త స్నేహితురాలితో కలిసి వేసుకున్నారు, చాలా బొమ్మలు ఆవిడ పెట్టిన చోటే ఉన్నాయి. ఊరి మధ్యలో, ఎత్తు గోడల వెనక, మనం అనుకునేదానికంటే బాగా చిన్న జాగా. ఫొటోల్లో తెలియనిది ఏమిటంటే అక్కడ ఏ బొమ్మా ఒక్కసారిగా మొత్తం కనిపించదు. వెదురు పక్కనుంచి సగం, తాటి జాతి ఆకుల కిందనుంచి కొంచెం. రెండడుగులు పక్కకి వేస్తే ఇందాకటి దాకా కంచు ముద్దలా ఉన్నదాంట్లో కన్నం తెరుచుకుంటుంది, అందులోంచి ఇంకో చెట్టు, ఇంకో బొమ్మ ముక్క కనబడతాయి. 1966లో చేసిన 'ఫోర్ స్క్వేర్ (వాక్ త్రూ)' అనేది అక్కడే ఉంది, పేరుకి తగ్గట్టు దాని లోపల్నుంచి నడిచి వెళ్లొచ్చు. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన కన్నం ఇవతల నిలబడి అవతల భార్యకి ఫొటో తీస్తూ పావుగంట నిలబడ్డాడు, మేమందరం ఆగాం.

అంటే ఆవిడ బొమ్మ చూడమని చెయ్యలేదు, దాన్లోంచి చూడమని చేసింది. మీ తోటలో కన్నంలోంచి చూస్తే ఏం కనబడుతుంది? మీ స్కెచ్ ప్రకారం టెంటు గుడ్డ.

నీడపట్టు
అక్టోబర్ 10

టెంటు గుడ్డ అనగానే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. నిజమే. నేను ఇన్నాళ్లూ కన్నాన్ని బొమ్మకి అలంకారం అనుకున్నాను.

లాల్‌బాగ్_లలిత
అక్టోబర్ 10

మేము బెంగళూరులో స్థిరపడి ఇరవై ఏళ్లు. లాల్‌బాగ్‌లో ఆగస్టు 15కి, జనవరి 26కి పూల ప్రదర్శన పెడతారు, 1889లో పునాది వేసిన ఆ గాజు ఇంట్లో. ప్రతిసారీ ఏదో ఒక కట్టడానికో, మనిషికో నమూనా చేసి దాని నిండా గులాబీలు గుచ్చుతారు. జనం విరగబడి వస్తారు, నేనూ వెళ్తాను, పిల్లలకి ఇష్టం. ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర 'శిల్పం, తోట' అనగానే చూసేవాళ్లకి గుర్తొచ్చేది అదే. మీరు పూలు తక్కువ పెడితే 'ఇంకా పూర్తి కాలేదా' అని అడుగుతారు, రాసి పెట్టుకోండి.

నా మట్టుకు మాత్రం లాల్‌బాగ్‌లో ఎక్కువ సేపు కూర్చునేది ఆ పెద్ద రాతి గుట్ట మీదే. దాని వయసు మూడు వందల కోట్ల ఏళ్లట.

గుట్టలపాట
అక్టోబర్ 10

రాయి మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్న. అక్కా, నువ్వు ఉండేది హైదరాబాద్. ఒక బండ మీద ఇంకో బండ, పడుద్దా పడదా అన్నట్టు నిలబడి ఉండే ఊరు. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌ల మష్రూమ్ రాక్ చూసినవా? కింద సన్నటి మెడ, పైన పెద్ద టోపీ. ఉలి పెట్టకుండానే ఎండ, వాన చెక్కినయ్. ఇంగ్లండ్ శిల్పి హెన్రీ మూర్ బొమ్మలు పుస్తకంల చూసినప్పుడు నాకు అనిపించింది, ఈయన మా గచ్చిబౌలి వచ్చి పోయిండేమో అని. దుర్గం చెరువు చుట్టూ అసొంటి బండలు ఎన్ని పోయినయో లెక్క లేదు, బ్లాస్టింగ్ చేసి కంకర చేసిన్రు. అక్కడ లేని కంచుని నకలు కొట్టేబదులు ఉన్న రాయిని పట్టుకో.

ఉలి_సుత్తి
అక్టోబర్ 11

నేను విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌లో చదువుకున్నాను, శిల్పమే వృత్తి. ఈ చర్చ ముందే చూసి ఉంటే బాగుండేది.

గుట్టలపాట తమ్ముడు చెప్పినదాంతో సగం ఒప్పుకుంటా. మెటీరియల్ మనది కావాలి, అది నిజం. 1938లో రామ్‌కింకర్ బైజ్ శాంతినికేతన్‌లో 'సంతాల్ కుటుంబం' చేసినప్పుడు కంచుకి డబ్బుల్లేవు, సిమెంటులో అక్కడి ఎర్రటి లేటరైట్ గులకరాళ్లు కలిపి కమ్మీల చట్రం మీద విసిరి విసిరి కొట్టాడు. ఈరోజుకీ ఆరుబయటే ఉంది, నేల లోంచే లేచినట్టు. మా రవీందర్ రెడ్డి గారు సూర్యాపేటలో పుట్టిన మనిషి, విశాఖలో మాకు పాఠాలు చెప్పారు. ఆయన పెద్ద పెద్ద తలలు, జడల్లో పూలు, ఫైబర్‌గ్లాస్ మీద బంగారు పూత, వాటిని చూసి ఎవరూ 'ఇది ఫలానా విదేశీయుడిది' అనలేరు.

ఇసాము నొగుచి అనే అమెరికన్ శిల్పి సంగతి చెబుతాను. కాలిఫోర్నియాలో కోస్టా మేసా అనే చోట ఆఫీసు భవనాల మధ్య 1.6 ఎకరాల్లో ఆయన ఒక తోట చేశాడు, 1982లో అయింది. అందులో 15 గ్రానైట్ బండల్ని ఒకదానికొకటి అతికినట్టు కోసి పేర్చిన శిల్పం ఉంది. దాని పేరు 'లైమా చిక్కుడు ఆత్మ'. ఎందుకంటే ఆ భూమి యజమాని కుటుంబం ఒకప్పుడు అక్కడ పండించింది ఆ చిక్కుళ్లే. ఆధునిక శిల్పం అంటే ఊరూ పేరూ లేని ఆకారం అనుకునేవాళ్లకి ఈ ఒక్కటి చాలు.

తమ్ముడితో ఒప్పుకోని సగం ఏమిటంటే, గుట్ట మీద బండని ఎత్తుకొచ్చి స్టాల్‌లో పెడితే అది రాళ్ల దుకాణం అవుతుంది. బండకి ఆ అందం చుట్టూ ఉన్న ఖాళీ వల్ల వచ్చింది. నీడపట్టు గారూ, మీరు చెయ్యాల్సింది ఖాళీని. ఫైబర్ వద్దు. ఫెర్రో సిమెంట్ చేయండి: 8 ఎంఎం కమ్మీతో ఆకారం, దానిమీద కోడి జాలీ నాలుగు పొరలు, ఒకటికి రెండు పాళ్ల సిమెంట్ ఇసుక. నేను దారి చూపిస్తాను.

థేమ్స్_గట్టు
అక్టోబర్ 11

ఉలి గారి మాటకి ఒకటి కలుపుతా. చెల్సీలో, అంటే లండన్‌లో రాయల్ హాస్పిటల్ మైదానంలో 1913 నుంచి జరుగుతున్న ఆ పూల ప్రదర్శనలో, డిజైనర్ ముందే ఒక బ్రీఫ్ రాసిస్తాడు: ఈ తోట ఎవరికోసం, ఏం చెప్పదలిచాను, ఏం వాడుతున్నాను అని. జడ్జీలు ఆ కాగితం పట్టుకుని, చెప్పింది చేశాడా లేదా అని చూసి గోల్డ్, సిల్వర్ గిల్ట్, సిల్వర్, బ్రాంజ్ పతకాలు ఇస్తారు. 2011లో లూచానో జుబ్బిలేయి అనే ఇటాలియన్ చేసిన తోటకి గోల్డ్ వచ్చింది, అందులో ఉర్సులా వాన్ రిడింగ్స్‌వార్డ్ శిల్పం ఉండేది. నేను ఇక్కడికి రాకముందుది, ఫొటోలే చూశాను, కానీ ఆ ఫొటోల్లో కూడా శిల్పం మొక్కల్లోంచి వచ్చినట్టుంది గానీ మొక్కల మీద పెట్టినట్టు లేదు.

మీరూ ఒక పేజీ రాసుకోండి. ఎవరూ అడగకపోయినా.

నీడపట్టు
అక్టోబర్ 13

రాశాను. నాలుగుసార్లు కొట్టేసి చివరికి ఒక్క వాక్యం మిగిలింది: 'దారిన పోయేవాళ్లు ఆగి, వంగి, ఒక కన్నంలోంచి ఒక చెట్టుని చూడాలి.'

కొత్త స్కెచ్: నిలువు కోడిగుడ్డు లాంటి ఒక్క ఆకారం, ఎత్తు 2.1 మీటర్లు, కొంచెం తూర్పుకి జరిపి, దిమ్మ లేకుండా నేల మీదే. కన్నం గుండ్రం, 60 సెంటీమీటర్లు, దాని మధ్య బిందువు నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో. ఆకారం మందం 50 సెంటీమీటర్లు. కన్నంలోంచి చూస్తే వెనక ఒక చెట్టు. ఏ చెట్టో తెలియట్లేదు. కడియం గారూ?

కడియం_నారు
అక్టోబర్ 13

ఇప్పుడు నా వంతు వచ్చిందండి. మాది కడియపులంక, తాతల నాటి నుంచి నర్సరీయే. జనవరి అన్నారు కదండీ, దేవగన్నేరు పెట్టండి. అందరూ ఏమంటారంటే జనవరిలో దానికి ఆకూ ఉండదు, పువ్వూ ఉండదు, మొండిగా ఉంటాది అని. అదే కదండీ మీక్కావలసింది! లావుపాటి బూడిదరంగు కొమ్మలు, ప్రతి కొమ్మా రెండుగానో మూడుగానో చీలి చివర మొద్దుగా ఆగిపోతాది. చెక్కినట్టుంటాది.

ఒక్క జాగ్రత్తండి. దేవగన్నేరులో రెండు రకాలు. ఆకు చివర గుండ్రంగా ఉండేది ఆకు సరిగ్గా రాల్చదు, చలికాలంలో కూడా సగం సగం వేలాడేసుకుని ఉంటాది, చూడ్డానికి జబ్బు చేసినట్టు. ఆకు చివర మొనదేలి ఉండే రకం అయితే శుభ్రంగా రాల్చేస్తాది. ఆర్డరిచ్చేటప్పుడు 'మొన ఆకుది, పాత చెట్టు' అని చెప్పకపోతే ఎవరైనా సరే గుండ్రటిది ఎక్కించేస్తారు, మా వాళ్లతో సహా. ఏడడుగుల చెట్టు ఒకటి ఉందండి మా దగ్గర. అద్దెకి ఇస్తాను, అమ్మను.

ఉత్తుత్తి_సందేహం
అక్టోబర్ 14

నాదొక నిజమైన సందేహం, ఈసారి ఎగతాళి కాదు. కన్నం మధ్య 1.5 మీటర్లు అంటే దాని కింది అంచే 1.2. మా అమ్మాయికి ఏడేళ్లు. దాని కంటికి సిమెంటు తప్ప ఏమీ కనబడదు. ప్రదర్శనకి వచ్చేవాళ్లలో సగం పిల్లలే. వీల్‌చెయిర్‌లో వచ్చే మా నాన్నగారి సంగతీ అంతే.

ఉలి_సుత్తి
అక్టోబర్ 15

ఉత్తుత్తి గారూ, ఈ చర్చలో అందరికంటే పనికొచ్చే ప్రశ్న మీదే. నేను ఎండ లెక్క వేస్తూ ఇరుక్కుపోయి ఉంటే మీ ప్రశ్న దాన్ని కూడా విప్పింది. కొంచెం ఓపిగ్గా చదవండి.

జనవరి చివర్లో హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి రాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి దక్షిణాన సుమారు 53, 54 డిగ్రీల మధ్య ఎత్తులో ఉంటాడు. మీ దారి ఉత్తరాన. అంటే జనం దక్షిణానికి తిరిగి చూస్తారు, ఎండ వెనక నుంచి వచ్చి కన్నంలోంచి దూరి వాళ్ల వైపు నేల మీద పడుతుంది. ఇంతకన్నా అదృష్టం ఉండదు. కానీ 60 సెంటీమీటర్ల గుండ్రటి కన్నానికి 50 మందం పెడితే ఆ కోణంలో వచ్చే వెలుగు కన్నం లోపలి గోడకే తగిలి ఆగిపోతుంది. మందం 44 దాటితే ఇక అవతలికి రాదు.

కాబట్టి కన్నాన్ని నిలువు కోలగా చేయండి. వెడల్పు 50, ఎత్తు 90. కింది అంచు నేల నుంచి 75 సెంటీమీటర్లు, పై అంచు 165. పెద్దవాళ్లు నిలబడి చూస్తారు, పాప నిలబడి చూస్తుంది, నాన్నగారు కూర్చుని చూస్తారు. కన్నం దగ్గర మందం 30కి దించండి. అప్పుడు పన్నెండున్నరకి ఆకారం పాదం నుంచి 55 సెంటీమీటర్ల దూరంలో మొదలై 91 దాకా, జానెడున్నర పొడుగు వెలుగు మరక నేల మీద పడుతుంది. వెనక టెంటు గుడ్డ అడ్డం రాకుండా మీటరైనా వదలండి.

ఇప్పుడు ఆ మరక ఎక్కడ పడాలి, దేని మీద పడాలి అన్నదే మీ తోట. మిగతాదంతా దాని చుట్టూ.

బండరాయి
అక్టోబర్ 15

నేను ఈ వేదికలో చదవడమే గానీ రాయను. మాది చీమకుర్తి, గ్రానైట్ పని. దాని మీద పడాలి అన్నారు కాబట్టి చెబుతున్నా. గెలాక్సీ పలక పెట్టండి. నల్లగా ఉంటుంది, లోపల రాగి రంగు చుక్కలుంటాయి. నీడలో పెడితే మామూలు నల్లరాయి, ఎవరూ చూడరు. నేరుగా ఎండ తగిలితే ఆ చుక్కలు ఒక్కసారి లేస్తాయి. రెండడుగుల చదరం కటింగ్ ముక్క మా యార్డులో ఊరికే పడి ఉంటుంది. లారీ ఖర్చు మీరు పెట్టుకోండి, రాయికి డబ్బులొద్దు.

నీడపట్టు
అక్టోబర్ 15

ఇది చదివి మా ఆయన్ని నిద్ర లేపి చూపించాను.

లాల్‌బాగ్_లలిత
అక్టోబర్ 16

కన్నం లోపలి అంచుకి రంగు ఏమిటి? హెప్‌వర్త్ చెక్క బొమ్మల్లో లోపలి వైపు లేత నీలం, తెలుపు వేసేవారు కదా. 1946 నాటి 'పెలాగోస్' ఎల్మ్ చెక్కది, లోపల లేత నీలం, తీగలు కూడా కట్టి ఉంటాయి. సముద్రం గుర్తొచ్చేలా. మనకి సముద్రం లేదు గానీ, మా అమ్మమ్మగారి ఇంట్లో పండక్కి సున్నంలో నీలిమందు కలిపి వేసేవాళ్లు. ఆ రంగు వేయండి. పెయింట్ కంపెనీ కార్డులో దొరకదు.

గుట్టలపాట
అక్టోబర్ 16

తీగలు కూడా కడదాం, పోచంపల్లి నూలు దారం, ఇక్కత్ రంగులల్ల. మస్తుంటది.

థేమ్స్_గట్టు
అక్టోబర్ 16

వద్దు తమ్ముడూ. వెలుగు, నల్లరాయి, నీలం, మొండి చెట్టు. ఇప్పటికే నాలుగున్నాయి. తీగలు కడితే ఎండ మరకలో గీతలు పడతాయి, పైగా జనం వాటిని మీటుతారు.

గుట్టలపాట
అక్టోబర్ 16

సరే అన్నా. ఇంకో తోటకి దాస్తా.

కడియం_నారు
అక్టోబర్ 17

కింద మొక్కల సంగతి కూడా తేల్చేయండి. నా మాట వింటే రెండే రకాలు. చెట్టు మొదట్లో ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్, గాలికి ఊగుతాది, బొమ్మ కదలదు కాబట్టి ఏదో ఒకటి కదలాలి. నల్లపలక చుట్టూ మోండో గ్రాస్, ముదురు ఆకుపచ్చ. మిగతా అంతా కార్పెట్ లాన్, సెలక్షన్ వన్ రకం. రంగుల పూలు ఒక్కటి కూడా వద్దు. నర్సరీవాణ్ని ఇలా అంటున్నానంటే ఆలోచించండి, నాకు నష్టం.

నీడపట్టు
డిసెంబర్ 18

చాలా రోజులకి వచ్చాను, చెడ్డ వార్తతో. ఆకారం పూర్తయింది, కానీ కన్నం అంచు వెంట వెంట్రుక సన్నం పగుళ్లు, పై భాగంలో మూడు, కింద ఒకటి. మేస్త్రీ 'పర్లేదమ్మా సిమెంటు పూసేద్దాం' అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. 450 కిలోలు ఉంటుంది, మళ్లీ చేసే టైము లేదు.

ఉలి_సుత్తి
డిసెంబర్ 18

సిమెంటు పూయనివ్వకండి, పైన అట్టలా లేచిపోతుంది. మూడు ప్రశ్నలు. గోనె సంచులు కప్పి తడిపారా? ఎన్ని రోజులు? లోపలి వైపు కూడా కప్పారా?

నీడపట్టు
డిసెంబర్ 18

పది రోజులు తడిపాం. బయట వైపు. లోపల కప్పలేదు. చెబుతుంటే నాకే అర్థమవుతోంది.

ఉలి_సుత్తి
డిసెంబర్ 18

అదే. డిసెంబర్ పొడిగాలి కన్నంలోంచి రాత్రీ పగలూ ఈడ్చి కొడుతుంది, లోపలి అంచు ముందు ఆరి ముడుచుకుంది. అసలే ఏ ఆకారంలోనైనా కన్నం అంచు దగ్గరే ఒత్తిడి చేరుతుంది, అక్కడ జాలీ ఇంకో రెండు పొరలు వేయమని నేను చెప్పి ఉండాల్సింది, అది నా తప్పు. భయం లేదు, పైపై పగుళ్లే అయితే నిలబడుతుంది. పగులు వెంట ఉలితో వీ ఆకారం గాడి తియ్యండి, దుమ్ము ఊదేసి తడిపి, పాలిమర్ కలిపిన మోర్టార్ నింపండి. ఈసారి లోపలా బయటా తడి గోనె, వారం రోజులు. ఆ తర్వాతే సున్నం.

లాల్‌బాగ్_లలిత
డిసెంబర్ 19

సున్నం వేసేటప్పుడు తడి మీద నీలం చూసి భయపడకండి. ఆరాక బాగా లేతబడుతుంది. చిన్న ముక్క మీద వేసి ఒక రోజు ఆరనిచ్చి చూసుకోండి.

నీడపట్టు
జనవరి 6

చూసుకోలేదు. భయపడి తెల్ల సున్నం ఇంకా కలిపాను, ఆరాక తెల్లగా అయిపోయింది. మళ్లీ వేశాను. రెండోసారి కుదిరింది, తెల్లవారుజామున ఆకాశం ఉన్నట్టుంది. పగుళ్లు ఆగాయి.

కడియం_నారు
జనవరి 19

చెట్టు రాత్రి లారీ ఎక్కించామండి. వేళ్ల ముద్దకి గోనె చుట్టి కట్టాం, కొమ్మలకి వరిగడ్డి చుట్టాం. విప్పేటప్పుడు కొమ్మ చివర విరిగితే పాలు కారతాది, బట్టలకి అంటితే వదలదు. ఒకటి రెండు ఆకులు మిగిలి ఉంటే చేత్తో తుంచేయకండి, వాటంతటవే పడతాయి.

నీడపట్టు
ఫిబ్రవరి 3

ఇప్పుడే కాస్త కుదురుకున్నాను. అందరికీ ఒకేసారి చెబుతాను.

కట్టేటప్పుడు గొడవ: నిర్వాహకులు నేల తవ్వనివ్వం అన్నారు, ముందు చెప్పలేదు. ఆకారం పాదానికి ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయించి, దాని మీద ఇసుక బస్తాలు వేసి, పైన మట్టి, లాన్ పరిచాం. దానివల్ల లాన్ అక్కడ కొంచెం ఉబ్బెత్తుగా వచ్చింది. విచిత్రం ఏమిటంటే అదే బాగుంది, రాయి నేలని నెట్టుకొచ్చినట్టు.

మొదటి రోజు పన్నెండు దాటాక నేను పలక పక్కన కూర్చున్నాను. ముందు మోండో గ్రాస్ మీద సన్నటి గీత. నెమ్మదిగా పలక అంచు ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే బండరాయి గారు చెప్పినట్టే ఆ నలుపు లోపల రాగి చుక్కలు ఒక్కొక్కటీ వెలిగాయి, వెలుగు కదిలేకొద్దీ వెనకవి ఆరిపోతూ ముందువి వెలుగుతూ. పక్క స్టాల్ వర్మీకంపోస్టు కుర్రాడు వచ్చి నా వెనక నిలబడి 'మేడం, కింద లైటు పెట్టారా' అని అడిగాడు. నేను పైకి చూపించాను. వాడు కన్నంలోంచి సూర్యుణ్ని చూసి తుమ్మాడు.

రెండో రోజు జడ్జీలు వచ్చారు. పదిన్నరకి. ఎండ ఆగ్నేయం నుంచి వస్తోంది, మరక పలక దాటి అడుగున్నర పడమరకి, లాన్ మీద ఎవరికీ పట్టని ముక్కలా పడి ఉంది. 'రెండు గంటలు ఆగి రండి' అంటే వాళ్లు నవ్వారు. ఒకాయన అడిగిన మొదటి మాట: 'పూలు ఇంకా రాలేదా అమ్మా?' లలిత గారూ, మీకు దండం.

ప్రోత్సాహక బహుమతి వచ్చింది. మొదటి బహుమతి గులాబీలు గుచ్చిన ఏనుగుకి.

ఉత్తుత్తి_సందేహం
ఫిబ్రవరి 3

నేను మా అమ్మాయిని, నాన్నగారిని తీసుకుని ఆదివారం వచ్చాను. చెప్పలేదు, ఊరికే చూద్దామని. నాన్నగారు కన్నంలోంచి ఆ మొండి చెట్టుని చాలాసేపు చూసి 'మన గుడి వెనకాల చెట్టు కదరా' అన్నారు. మా అమ్మాయి అందులో తల దూర్చింది. వెనక క్యూ ఉంది, అందరూ సెల్ఫీలకి. ఏనుగు దగ్గర కూడా క్యూ ఉంది, అది ఇంకా పెద్దది, అబద్ధం చెప్పను.

థేమ్స్_గట్టు
ఫిబ్రవరి 4

బ్రీఫ్‌లో 'మధ్యాహ్నం పన్నెండున్నరకి చూడాలి' అని రాసి జడ్జీల చేతిలో పెట్టాల్సింది. నాకు తట్టనేలేదు. ఇప్పుడు ఆ బొమ్మ ఎక్కడుంది? చెల్సీలో ఇప్పుడు తోట అయ్యాక ఎక్కడికి పోతుందో ముందే చెప్పాలి, బడికో ఆసుపత్రికో తరలించేలా ప్లాన్ ఉండాలి.

కడియం_నారు
ఫిబ్రవరి 4

చెట్టు క్షేమంగా దిగిందండి. ఒక కొమ్మ చివర ఎవరో పేరు గోకారు, 'ఆర్ లవ్స్ ఎస్' అని. ఉండనిచ్చాను.

నీడపట్టు
ఫిబ్రవరి 20

బొమ్మని మా అత్తగారి ఊళ్లో ప్రభుత్వ బడికి ఇచ్చేశాను. పలక కూడా. అక్కడ కాంపౌండ్ గోడ పక్క జాగా ఇచ్చారు, కాబట్టి ఉత్తర దక్షిణాలుగా పెట్టడం కుదరలేదు, తూర్పుకి మొహం పెట్టి నిలబెట్టారు. ఉలి గారూ, తిట్టకండి.

ఉలి_సుత్తి
ఫిబ్రవరి 20

తిట్టను. ఉత్తర దక్షిణాలుగా పెట్టి ఉంటే ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు, అందులోంచి చుక్క వెలుగు కూడా రాదు. తూర్పు అంటే పొద్దున్నే పనిచేస్తుంది. బడిలో ప్రార్థన ఎన్నింటికి?

నీడపట్టు
ఫిబ్రవరి 20

తొమ్మిదికి. పడమటి వైపే నిలబడతారు.

ఉలి_సుత్తి
ఫిబ్రవరి 20

అయితే పలకని పడమటి వైపు, పాదం నుంచి నాలుగు అడుగుల దూరంలో వేయించండి. ఒక ఫొటో పెట్టండి.

నీడపట్టు
ఫిబ్రవరి 23

వేయించాను. ఫొటో మాత్రం ఇంకా కుదరలేదు. ఎప్పుడు వెళ్లినా కన్నంలో ఇద్దరు కూర్చుని ఉంటున్నారు.